వార్ (VAR) చూసి విసిగిపోయిన మన సీమ ఫుట్‌బాల్ ఫ్యాన్స్‌కి: మ్యాచ్ ఎట్ల చూడాలి, కోపం యాడ పెట్టాలి

మొన్న రాత్రి మా పిన్నమ్మ కొడుకు ఫోన్ తీసి మంచం మీద బోర్లా పెట్టేసి "ఇంక నేను ఫుట్‌బాల్ చూడనన్నా, గోల్ పడినా ఎగరలేకపోతాన్నా, ఎగిరినాక ఆ రిఫరీ చెవి మీద చెయ్యి పెట్టుకుంటాడు, ఎవరో గీతలు గీస్తారు, క్యాన్సిల్ అంటారు" అన్నాడు. వాడు ఆరో క్లాసు నుంచి చూస్తాన్నాడు ఈ ఆట. వాడొక్కడే కాదు, మా మిద్దె మీద శనివారం శనివారం కూర్చునే ఎనిమిది మందిలో ముగ్గురు ఈ రెండేళ్లలో తగ్గిపోయినారు, ఒకడు వార్ (రిఫరీ నిర్ణయాల్ని వీడియోలో మళ్ల చూసి సరిచేసే పద్ధతి) వల్ల, ఇద్దరేమో "అంతా డబ్బే అయిపాయ కదప్పా" అని. వాళ్లకున్న కోపం నాకూ ఉంది. కానీ ఆట వదిలేయడం నాకు ఇష్టం లేదు, అందుకే ఇన్నేళ్లు చూసి, చదివి, ఫ్రెండ్స్‌తో కొట్లాడి నేర్చుకున్నది ఇక్కడ రాస్తాన్నా. స్క్రీన్ మీద ఆ వార్ బాక్స్ వచ్చినప్పుడు ఏం చూడాలి, క్లబ్బుల డబ్బు లెక్క ఎట్ల అర్థం చేసుకోవాలి, అనంతపురంలో కూర్చున్న మన చేతిలో ఏముంది, అంతే.

మ్యాచ్‌కి ముందు చేసుకోవాల్సిన పని చిన్నదే గానీ శానా మంది చేయరు. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 3 గంటల మ్యాచ్ మనకి రాత్రి 7:30కి వస్తాది, అక్టోబర్ చివర్లో వాళ్లు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుకుంటారు, అక్కడి నుంచి మార్చి చివరి దాకా 8:30. చాంపియన్స్ లీగ్ పెద్ద మ్యాచ్‌లు అయితే 12:30 లేదంటే 1:30, తెల్లారి డ్యూటీ ఉన్నోళ్లు ముందే చూసుకోండి. ఇంకోటి, ఫోన్ యాప్‌లో మ్యాచ్ టీవీ కంటే లేటుగా వస్తాది, ఒక్కోసారి అర నిమిషం పైనే. మీరు కార్నర్ కిక్ చూస్తాంటారు, గ్రూపులో ఎవడో "గోల్ల్ల్" అని పెడతాడు, మీరు ఎగరబోయే లోపల వాడే మళ్ల "క్యాన్సిల్, ఆఫ్‌సైడ్" (తోటోడు బంతి కొట్టిన క్షణంలోనే డిఫెండర్లని దాటి గోల్ వైపు ఉండటం) అని పెడతాడు, అంటే మీరు గోల్ చూడకముందే గోల్ పోయింది. మ్యాచ్ టైమ్‌లో గ్రూప్ మ్యూట్ పెట్టండి, స్కోర్ యాప్ నోటిఫికేషన్లు ఆపేయండి, నలుగురూ ఒకే స్క్రీన్ చూడండి. వార్ మన దగ్గర తీసుకునే సంతోషం ఎట్లాగూ తీసుకుంటాది, మిగిలింది మనమే పారేసుకోవడం ఏంటికి.

ఇంక అసలు సంగతి. మనం క్రికెట్ చూసి పెరిగినోళ్లం, 2024లో దులీప్ ట్రోఫీ మ్యాచ్‌లు మన అనంతపురం ఆర్‌డీటీ స్టేడియంలోనే జరిగినాయి, అందుకే వార్ అంటే డీఆర్‌ఎస్ లాంటిదే అనుకుంటాం. కాదు. డీఆర్‌ఎస్‌లో ప్లేయర్ చెయ్యి T ఆకారంలో పెట్టి అడగాలి, అది కూడా 15 సెకన్ల లోపల, లెక్క ప్రకారం ఇన్ని రివ్యూలే అని ఉంటాది, థర్డ్ అంపైర్ ఏం చూస్తాన్నాడో ఏం మాట్లాడతాన్నాడో మనకి వినపడతాది, సరిగ్గా తేలకపోతే అంపైర్స్ కాల్ అని గ్రౌండ్‌లో ఉన్న మనిషి మాటకే విలువ ఇస్తారు. ఫుట్‌బాల్‌లో ఈ నాలుగూ లేవు. ఎవరూ అడగక్కర్లేదు, వీడియో రూమ్‌లో కూర్చున్న వార్ రిఫరీలు ప్రతి గోల్‌నీ వాళ్లంతట వాళ్లే చూస్తారు, మాటలు మనకి లైవ్‌లో వినపడవు, ఆఫ్‌సైడ్‌లో అంపైర్స్ కాల్ లాంటిది లేదు. నా లెక్కలో ఫ్యాన్స్ కోపంలో సగం ఈ "వినపడకపోవడం" వల్లే. 2023 మహిళల వరల్డ్ కప్‌లో రిఫరీలు మైక్‌లో నిర్ణయం చెప్పినారు, ఆ ఒక్క ముక్కకే ఎంత తేడానో, ఏంటికి ఇచ్చారో మన చెవులతో మనం వింటే ఒప్పుకోకపోయినా ఊపిరి పీల్చుకుంటాం.

2018లో రూల్ పుస్తకంలోకి వచ్చినప్పుడు వార్ చూడాల్సింది నాలుగే నాలుగు అని రాసినారు. గోల్ అవునా కాదా, పెనాల్టీ అవునా కాదా, నేరుగా ఇచ్చే రెడ్ కార్డు, ఒకడికి ఇవ్వాల్సిన కార్డు ఇంకొకడికి ఇచ్చేయడం. అంతే. మధ్యలో జరిగే మామూలు ఫౌల్, త్రో ఎవరిది, ఇవేవీ వాళ్ల పని కాదు. కాబట్టి మీ టీమ్‌కి మిడ్‌ఫీల్డ్‌లో ఫౌల్ ఇవ్వలేదని "వార్ ఏం చేస్తాంది, నిద్రపోతాందా" అని అరిస్తే ఆ అరుపు వేస్టు. రూల్స్ మాత్రం దాదాపు ప్రతి ఏడూ కొంచెం మారతాంటాయి, కొత్తవి జూలై నుంచి లెక్క, సీజన్ మొదలయ్యే ముందు ఒక పది నిమిషాలు పెట్టి ఏం మారిందో చదువుకోండి, సగం గొడవలు పాత రూల్ గుర్తుపెట్టుకోని పడేవే. హ్యాండ్‌బాల్ చూడండి, గోల్ కొట్టినోడి చేతికి తెలియక తగిలినా గోల్ పోతాది, కానీ పక్కనున్న తోటి ప్లేయర్ చేతికి తెలియక తగిలితే 2021 నుంచి గోల్ నిలబడతాది. ఇది తెలియక మా మిద్దె మీద ఒకసారి రెండు రోజులు మాటల్లేకుండా అయిపోయింది ఇద్దరు ఫ్రెండ్స్ మధ్య.

ఇప్పుడు ముఖ్యమైనది చెప్తా, ఇది ఒక్కటి పట్టుకుంటే మ్యాచ్ చూడటమే మారిపోతాది. వార్ నిర్ణయం రెండు రకాలు. ఒకటి కొలత, ఇంకోటి అభిప్రాయం. బంతి గీత దాటిందా, ప్లేయర్ ఆఫ్‌సైడ్‌లో ఉన్నాడా, ఫౌల్ జరిగింది పెనాల్టీ బాక్స్ లోపలా బయటా, ఇవి కొలతలు, వీటికి రిఫరీ టీవీ దగ్గరికి పోనక్కర్లేదు, రూమ్ నుంచి చెప్పింది చాలు. ఫౌల్ ఎంత గట్టిగా ఉంది, చెయ్యి మామూలుగా ఉందా కావాలని చాపినాడా, ఇవి అభిప్రాయాలు, వీటికి రిఫరీ గ్రౌండ్ పక్కన మానిటర్ దగ్గరికి పోయి తన కళ్లతో చూసుకోవాల. పైగా ఇందులో "స్పష్టంగా కనపడే తప్పు" అయితేనే మార్చాలని రూల్. అంటే రూమ్‌లో ఉన్నోడికి "నేనైతే పెనాల్టీ ఇచ్చుండేవాణ్ణి" అనిపిస్తే చాలదు, చూసిన ఎవడికైనా రిఫరీది తప్పు అనిపించాల. స్క్రీన్ మీద బాక్స్ రాగానే మిమ్మల్ని మీరు అడగండి, ఇది కొలతా, అభిప్రాయమా అని. కొలత అయితే కూర్చోండి, అరిచి లాభం లేదు. అభిప్రాయం అయితే మీకూ ఒక అభిప్రాయం ఉంటాది, గట్టిగా చెప్పండి, అది మీ హక్కు.

అభిప్రాయం చెప్పే ముందు ఒక్క పని, మామూలు స్పీడ్‌లో రీప్లే వచ్చే దాకా ఆగండి. స్లో మోషన్‌లో ఏ ట్యాకిల్ అయినా కాలు ఇరగ్గొట్టినట్టే కనపడతాది. వార్ పద్ధతిలోనే రాసి ఉంది, ఎక్కడ తగిలింది అని చూడటానికి స్లో మోషన్ వాడండి, ఎంత గట్టిగా తగిలింది అనేది మామూలు స్పీడ్‌లోనే చూడండి అని. 2023 సెప్టెంబర్ 30న టోటెన్‌హామ్, లివర్‌పూల్ మ్యాచ్‌లో లివర్‌పూల్ ప్లేయర్ కర్టిస్ జోన్స్‌కి ముందు యెల్లో కార్డే ఇచ్చినారు, రిఫరీ మానిటర్ దగ్గరికి పోతే మొదట కనపడింది కదలకుండా ఆగిపోయిన బొమ్మ, బూటు కాలి మీద ఉన్న బొమ్మ. ఆ బొమ్మ చూసినాక ఎవరి మనసైనా యాడికి పోతాది? రెడ్ ఇచ్చేసినారు.

అదే మ్యాచ్ గురించి ఇంకొంచెం చెప్పాల, ఏంటికంటే అది నేను మర్చిపోలేని రాత్రి. మనకి 10 గంటలకి మొదలైంది, మిద్దె మీద ఆరుగురం, స్టీలు చెంబుకి ఆనించిన ఫోన్, పక్కన మరమరాలు. లివర్‌పూల్ ప్లేయర్ లూయిస్ డియాజ్ గోల్ కొట్టినాడు, లైన్స్‌మన్ జెండా ఎత్తినాడు, మేమంతా వార్ కోసం చూస్తాన్నాం. రీప్లేలో డిఫెండర్ కాలు వెనకాల ఉందని మా ఫోన్‌లోనే కనపడతాంది, చెంబుకి ఆనించిన ఆ చిన్న ఫోన్‌లోనే. కానీ ఆట మొదలైపోయింది, గోల్ లేదు. తర్వాత బయటపెట్టిన ఆడియోలో తెలిసింది ఏమంటే, రూమ్‌లో ఉన్నోళ్లు సరిగ్గానే చూసినారు, ఆఫ్‌సైడ్ కాదని తేల్చుకున్నారు, కానీ గ్రౌండ్‌లో గోల్ ఇచ్చేసినారని అనుకోని "చెక్ కంప్లీట్" అనేసినారు. రిఫరీ అర్థం చేసుకున్నది, ఆఫ్‌సైడే కరెక్ట్ అని. కొన్ని సెకన్లకే లోపల ఒకాయనకి తెలిసిపోయింది, ఆపండి ఆపండి అంటాన్నాడు, కానీ ఆట మళ్ల మొదలైతే వెనక్కి పోకూడదని రూల్. లివర్‌పూల్ చివరి నిమిషంలో సొంత గోల్‌తో 2-1 ఓడిపోయింది. ఆ ఆడియో విన్నప్పుడు నాకు ఒకటి అర్థమైంది, అక్కడ కెమెరా ఫెయిల్ కాలేదు, గీత ఫెయిల్ కాలేదు, ఇద్దరు మనుషులు ఒకే మాటని రెండు రకాలుగా విన్నారు. మన కోపం టెక్నాలజీ మీద పెడితే తప్పు జాగాలో పెట్టినట్టు. కోపం పెట్టాల్సింది మాట్లాడే పద్ధతి మీద, తప్పు తెలిసినాక కూడా దిద్దుకోనివ్వని రూల్ మీద.

ఆఫ్‌సైడ్ గీతల గురించి శానా మంది తిడతారు, బొటనవేలు బయటుందని గోల్ తీసేయడం ఏంది అని. ఇక్కడ లెక్క ఒకసారి వేసుకుందాం. కెమెరా సెకనుకి 50 బొమ్మలు తీస్తాది అనుకోండి, అంటే ఒక బొమ్మకీ ఇంకో బొమ్మకీ మధ్య సెకనులో యాభయ్యో వంతు. ఫుల్ స్పీడ్‌లో ఉరికే ప్లేయర్ సెకనుకి 8 మీటర్లు పోతాడు, అంటే ఆ రెండు బొమ్మల మధ్యలో 16 సెంటీమీటర్లు జరిగిపోతాడు, డిఫెండర్ ఎదురుగా అటు ఉరుకుతాంటే ఆ తేడా ఇంకా పెరుగుతాది. బంతి కాలిని వదిలిన క్షణం ఏ బొమ్మలో ఉంది అని ఒక మనిషి ఎంచుకున్నప్పుడు ఒక్క బొమ్మ అటూఇటూ అయితే జానెడు కన్నా కాస్త తక్కువ తేడా వచ్చేస్తాది. అట్లాంటప్పుడు రెండు సెంటీమీటర్ల ఆఫ్‌సైడ్ అని గోల్ తీసేస్తే కడుపు మండదా? మండుతాది, అది న్యాయమైన కోపం. ఇంగ్లండ్ టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ వాళ్లు కూడా 2021లో గీతలు లావు చేసి, గోల్ కొట్టినోడి గీత, డిఫెండర్ గీత కలిసిపోతే గోల్ కొట్టినోడికే వదిలేయడం మొదలుపెట్టినారు. 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో కొత్త పద్ధతి వచ్చింది, స్టేడియం కప్పు కింద 12 కెమెరాలు, ఒక్కో ప్లేయర్ ఒంటి మీద 29 పాయింట్లు, బంతి లోపల పెట్టిన సెన్సార్ సెకనుకి 500 సార్లు సిగ్నల్ పంపిస్తాది, దాంతో కాలు తగిలిన క్షణం దాదాపు దొరికిపోతాది. ప్రీమియర్ లీగ్‌లోకి ఇట్లాంటి సెమీ ఆటోమేటెడ్ పద్ధతి 2025 ఏప్రిల్‌లో వచ్చింది. మీరు చూసే లీగ్‌లో ఏ పద్ధతి ఉందో తెలుసుకోని తిట్టండి, చేత్తో గీసే గీతకీ దీనికీ శానా తేడా.

ఇది మీకు కళ్లారా చూడాలని ఉంటే ఒక పని చేయండి. సాయంత్రం గ్రౌండ్‌లో ఇద్దరు పిల్లోళ్లని పక్కపక్కనే నిలబెట్టి, వాళ్ల ముందు సున్నంతో అడ్డగీత గీయండి, ఒకడి కాలు గీత మీద, ఇంకొకడి కాలు కరెక్టుగా అదే గీత మీద. ఇప్పుడు ఫోన్ పట్టుకోని గీతకి నేరుగా నిలబడి ఒక ఫోటో, గోల్‌పోస్ట్ దగ్గరికి పోయి ఏటవాలుగా ఒక ఫోటో తీయండి. రెండో ఫోటోలో గీత కనపడకుండా కత్తిరించి ఎవరికైనా చూపిస్తే ఒకడు అడుగు ముందున్నాడని ఒట్టేసి చెప్తారు. మా కాలనీ టోర్నమెంట్ సెమీస్‌లో ఇదే జరిగింది, ఒక గోల్ మీద గొడవై, ఎవరో మూలన నిలబడి తీసిన వీడియో చూపించినాడు, ఇరవై మంది ఒక ఫోన్ చుట్టూ మూగినారు, ఎండకి స్క్రీన్ కనపడక చొక్కాలు అడ్డం పెట్టుకోని చూస్తాన్నారు, రిఫరీగా ఉన్న అన్నని నెట్టేసినారు. అరగంట పోయింది, చీకటి పడింది, మ్యాచ్ ఆగిపోయింది, ఆ వీడియోతో ఏమీ తేలలేదు, తేలేది కాదు కూడా. ఆ రోజు బడికి పోయే పిల్లోడు ఒకడు, ఆ గోల్ కొట్టినోడు, బూట్లు చేత పట్టుకోని గట్టు మీద కూర్చోనుంటే నేను చూసినా. ఆ మొహం నాకు ఇప్పటికీ గుర్తు. ఆ తర్వాతి నుంచి మా టోర్నమెంట్‌లో రూల్ పెట్టినాం, ఫోన్ వీడియో చెల్లదు, రిఫరీతో కెప్టెన్ ఒక్కడే మాట్లాడాల. 2024 యూరో కప్‌లో కూడా ఇదే కెప్టెన్ రూల్ పెట్టినారు, మీ ఊర్లో టోర్నమెంట్ పెట్టేటోళ్లు మొదటి రోజే అందరితో ఒప్పించుకోండి.

మన పక్కనే జరిగిన ఇంకోటి, 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో మన దేశ ఫుట్‌బాల్ లీగ్ ఐఎస్‌ఎల్ ప్లేఆఫ్, ఎక్స్‌ట్రా టైమ్‌లో సునీల్ ఛెత్రి ఫ్రీకిక్ క్విక్‌గా కొట్టేసి గోల్ చేసినాడు, కేరళ బ్లాస్టర్స్ వాళ్లు మేము ఇంకా రెడీ కాలేదని టీమంతా గ్రౌండ్ దిగి వెళ్లిపోయినారు. తర్వాత వాళ్లకి 4 కోట్ల ఫైన్ పడింది, కోచ్‌కి 10 మ్యాచ్‌ల బ్యాన్. ఐఎస్‌ఎల్‌లో అప్పుడు వార్ లేదు, అది ఉంటే ఇట్ల అయ్యేది కాదు అని శానా మంది అన్నారు. నాకట్ల అనిపించదు. ఆగమని చెప్పినాడా కొట్టమని చెప్పినాడా అనేది రిఫరీకీ ప్లేయర్లకీ మధ్య మాట, ఏ కెమెరా తేల్చేది దాన్ని? వార్ కావాలి అనేటోళ్లు, వద్దు అనేటోళ్లు ఇద్దరూ దానికి లేని శక్తి ఉందనుకుంటాన్నారు.

అట్లాగని వార్‌ని తీసేయాలని కూడా నేను అనను. 2010 వరల్డ్ కప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ప్లేయర్ లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి ఎంత లోపల పడిందో చూసినోళ్లు, దానికి గోల్ ఇవ్వకపోవడం చూసినోళ్లు పాత రోజులే మంచివి అనలేరు. అందుకే బంతి గీత దాటిందా లేదా అని మెషీనే చెప్పే గోల్‌లైన్ టెక్నాలజీని ఎవరూ పెద్దగా తిట్టరు, సెకను లోపల రిఫరీ వాచ్ మోగుతాది, అయిపాయ. ఆట ఆగదు, సంతోషం ఆగదు. ఆ పద్ధతి దగ్గరే నా మనసు ఉండాది, కొలతలు మెషీన్‌కి ఇవ్వండి, తొందరగా ఇవ్వండి, అభిప్రాయాలు గ్రౌండ్‌లో ఉన్న మనిషికి వదిలేయండి. మొన్న మా తమ్ముడికి చెప్పింది కూడా ఇదే, గోల్ పడగానే ఎగురు, ఆగొద్దు, ఎక్కువ గోల్స్ నిలబడేవే. లైన్స్‌మన్ జెండా ఒకసారి చూడు, అంతకు మించి లెక్కలు వేయొద్దు, పోతే పోతాది, కానీ ఎగరకుండా దాచిపెట్టుకున్న సంతోషం రెండు నిమిషాల తర్వాత మళ్ల రాదు.

ఇంక డబ్బు. ఇది వార్ కంటే పెద్ద సంగతి, మన వాళ్లలో ఎక్కువ మందికి అర్థం కానిది కూడా. 2017లో ఫ్రాన్స్ క్లబ్ పీఎస్‌జీ ఒక్క నేమార్‌ని కొనడం కోసం 22 కోట్ల 20 లక్షల యూరోలు పెట్టింది, అప్పటి లెక్కలో మన డబ్బు 1,600 కోట్ల పైనే. అప్పటి నుంచి ధరలు వింటే తల తిరుగుతాది. కానీ పేపర్లో వచ్చే పెద్ద నంబర్ చూసి మోసపోవద్దు, క్లబ్ ఆ డబ్బుని లెక్కల్లో ఎట్ల రాసుకుంటాదో చూడాల. మనూర్లో ట్రాక్టర్ కిస్తుల్లో తీసుకున్నట్టు అనుకోండి. 10 కోట్ల పౌండ్లకి ప్లేయర్‌ని కొని 5 ఏళ్ల కాంట్రాక్ట్ రాస్తే లెక్కల్లో ఏడాదికి 2 కోట్లే ఖర్చు. అదే 8 ఏళ్లు రాస్తే ఏడాదికి కోటీ పాతిక లక్షలే. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీ వాళ్లు 2023 జనవరిలో ఎంజో ఫెర్నాండెజ్ అనే ప్లేయర్‌ని 10 కోట్ల 60 లక్షల పౌండ్లకి పైగా పెట్టి కొని ఎనిమిదిన్నర ఏళ్ల కాంట్రాక్ట్ ఇచ్చింది ఇందుకే అని అందరూ అన్నారు. ఆ తర్వాత యూరోపు ఫుట్‌బాల్ సంఘం వాళ్లు ఖర్చుని 5 ఏళ్లకి మించి పరచకూడదని గీత గీసినారు. కాబట్టి ఈసారి ఎవరైనా పెద్ద ట్రాన్స్‌ఫర్ అయితే ఫీజు ఒక్కటే కాదు, కాంట్రాక్ట్ ఎన్నేళ్లో కూడా చూడండి, భాగించండి, అప్పుడు అసలు కథ తెలుస్తాది.

ఇదే లెక్కలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. కొన్న ప్లేయర్‌ని అమ్మితే ఇంకా తీరని కిస్తులు పోను మిగిలిందే లాభం. కానీ సొంత అకాడమీలో ఎనిమిదేళ్ల వయసు నుంచి పెంచిన పిల్లోడికి లెక్కల్లో కొన్న ధర సున్నా, వాణ్ణి అమ్మితే వచ్చిందంతా లాభమే. అందుకని లెక్క టైట్ అయినప్పుడు మొదట అమ్మేది ఎవరిని? ఇంటి పిల్లోణ్ణి. మేసన్ మౌంట్ 2023లో, కానర్ గాలగర్ 2024లో చెల్సీ వదిలిపోయినారు, ఇద్దరూ ఆ అకాడమీలో చిన్నప్పటి నుంచి పెరిగినోళ్లే. ఫ్యాన్స్ స్టాండ్‌లో నిలబడి "మావోడు" అని పాడుకునేది ఎవరి గురించో, రూల్ వాళ్లనే అమ్ముకునేట్టు చేస్తాంది. డబ్బు ఆటని పాడుచేస్తాంది అని గాలిలో అనే బదులు ఇది చెప్పండి అవతలోడికి, వాడికి కూడా గుండెల్లో దిగుతాది.

శిక్షల సంగతి తొందరగా చెప్తా. ఇంగ్లండ్‌లో మూడేళ్లలో 10 కోట్ల 50 లక్షల పౌండ్లకి మించి నష్టం రాకూడదని అప్పుడున్న రూల్ కింద ఎవర్టన్‌కి 2023 నవంబర్‌లో 10 పాయింట్లు కోసేసి, అప్పీల్‌లో 6కి తగ్గించి, మళ్ల 2024 ఏప్రిల్‌లో ఇంకో 2 కోసినారు, నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కి 4 పోయినాయి. మాంచెస్టర్ సిటీ మీద 2023 ఫిబ్రవరిలో వందకి పైగా ఆరోపణలు పెట్టినారు, సిటీ మేము తప్పు చేయలేదంటాది, ఆ కేసు ఏళ్ల తరబడి సాగింది. ఎవరిది తప్పో నేను తీర్పు చెప్పను. కానీ ఎవర్టన్ ఫ్యాన్ ఒక సీజన్‌లోనే శిక్ష అనుభవించి, పెద్ద క్లబ్ కేసు ఏళ్లు నడిస్తే, టేబుల్ చూసేటోడికి ఆ టేబుల్ మీద నమ్మకం ఎట్ల ఉంటాది? ఆలస్యం కూడా అన్యాయమే, ఇది మన కోర్టుల చుట్టూ తిరిగిన ప్రతి ఇంటికీ తెలుసు.

"మనం కోప్పడితే ఏమైతాది అన్నా" అంటారు. అయితాది. 2021 ఏప్రిల్ 18న 12 పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అని వేరే కుంపటి పెట్టినాయి, ఫ్యాన్స్ రోడ్ల మీదికి వచ్చినారు, రెండు రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గినాయి. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైన మెంబర్ల చేతిలో ఉండాలని రూల్, లీగ్‌లో వాటా బయట ఇన్వెస్టర్‌కి ఇస్తామంటే ఫ్యాన్స్ వారాల తరబడి గ్రౌండ్‌లోకి టెన్నిస్ బంతులు విసిరినారు, 2024 ఫిబ్రవరిలో ఆ డీల్ పక్కన పెట్టేసినారు. స్వీడన్‌లో కూడా క్లబ్బులు మెంబర్లవే, వాళ్లు వద్దన్నారు కాబట్టి అక్కడి టాప్ లీగ్‌లోకి వార్ రాలేదు. ఇంగ్లండ్‌లో మాత్రం 2024 జూన్‌లో వార్ తీసేద్దామని వోల్వ్స్ క్లబ్ అడిగితే ఓటింగ్‌లో 19-1తో ఓడిపోయింది, అక్కడ ఓటు ఓనర్లది, ఫ్యాన్స్‌ది కాదు. ఓటు ఎవరి చేతిలో ఉందో చూస్తే కోపం యాడ పెట్టాలో తెలిసిపోతాది.

మనకి ఆ ఓటు లేదు, నిజమే. మన చేతిలో ఉన్నది రెండు, జేబు, సాయంత్రం. జేబు ఎట్ల వాడాలో నేను చేసేది చెప్తా. యాప్ సబ్‌స్క్రిప్షన్ ముగ్గురు నలుగురు కలిసి ఒకే ఇంట్లో చూస్తాం. ప్రతి ఏడూ కొత్త జెర్సీ కొనడం మానేసినా, క్లబ్బులు ఏడాదికి మూడు డిజైన్లు మారుస్తారు, మనం మార్చనక్కర్లేదు, నా ఒంటి మీదున్నది ఆరేళ్లది. బెట్టింగ్ యాప్‌ల జోలికి మాత్రం పోవద్దండి, జెర్సీ మీద, బోర్డుల మీద ఎంత పెద్దగా కనపడినా సరే. ఈ ఆటలో మన దగ్గర నుంచి పోయే డబ్బుల్లో తిరిగిరానిది, ఇల్లు ముంచేది అదే, మా వీధిలోనే చూసినా.

మిగిలిన డబ్బు ఈడ పెట్టండి. మన అనంతపురం క్రికెట్ ఊరే కాదు, విన్సెంట్ ఫెర్రర్ గారు 1969లో వచ్చి మొదలుపెట్టిన ఆర్‌డీటీ అనే సేవా సంస్థ వల్ల పల్లెల్లో పిల్లోళ్లు, ఆడపిల్లలు కూడా, ఫుట్‌బాల్ ఆడతాన్నారు, ఎండలో ఎర్రమట్టి మీద, కొంతమంది చెప్పుల్లేకుండా. ఆదివారం పొద్దున ఉగ్గాని బజ్జీ తిని ఒక గంట అటు పోయి గట్టు మీద నిలబడి చూడండి, గోల్ పడితే పిల్లోడు నేరుగా మీ వైపే ఉరికొస్తాడు. ఆ గోల్‌కి గీతలు గీసేటోడు ఎవడూ లేడు.

మా గ్యాంగ్ పోయినేడు కొత్త జెర్సీల డబ్బులు కలిపి గోల్‌పోస్ట్‌లకి నెట్ కొన్నాం, అంతకుముందు నెట్ లేక బంతి పోస్ట్ లోపల నుంచి పోయిందా పక్క నుంచి పోయిందా అని ప్రతి మ్యాచ్‌లో ఒక గొడవ. నెట్ కట్టేటప్పుడు రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. కింద అంచు ఇటుకలతో కాకుండా ఇసక నింపిన యూరియా సంచులతో తొక్కిపెట్టండి, ఇటుక అయితే గోల్‌కీపర్ కాలికి తగులుతాది. వెనక కట్టెలకి వదులుగా కట్టండి, బిగించి కడితే బంతి తగిలి స్పీడ్‌గా బయటికి వచ్చేసి లోపలికి పోయిందో లేదో మళ్ల అదే గొడవ. మా తమ్ముడు ఆ సంచులు మోసినోళ్లలో ఒకడు. ఈ శనివారం 7:30కి మ్యాచ్ ఉంది, వాడు వస్తానన్నాడు, ఛార్జర్ కూడా తెస్తానన్నాడు.